వారానికో సెలవు... వారికేదీ?

ఆఫీసుకు ఆదివారం ఉంది. బడికి ఉంది. బ్యాంకుకు ఉంది. ఆ మాటకొస్తే సముద్రంలో చేపకు కూడా ఏటా రెండు నెలల సెలవుంది. మనింటికి ఉప్పూ పప్పూ చేరవేసే లారీ డ్రైవరుకే ఆ భాగ్యం లేదు. కాళ్లు చాపాలన్నా, కునుకు తీయాలన్నా ఆయనకున్నది ఆ క్యాబిన్ ఒక్కటే!

ఆదివారం తెల్లారితే చాలు... విశాఖపట్నం జాలరిపేట సందడే సందడి. పడవలు ఒడ్డుకు చేరీ చేరకముందే బుట్టలు నిండుతాయి. వంజరం, చందువా, రొయ్యలు... బేరాలు మొదలవుతాయి. సంచి పట్టుకుని వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముఖాల్లో సెలవు రోజు నిదానం కనిపిస్తుంది. వేట నిషేధం ఉండే వేసవి రోజులు తప్పిస్తే ఏడాదంతా ఇదే వరస.

అక్కడి నుంచి తీరం వెంట దక్షిణానికి వెళితే ఫిషింగ్ హార్బరు. దాన్ని దాటితే పోర్టు. అక్కడ మాత్రం ఆదివారానికీ సోమవారానికీ తేడా లేదు. బొగ్గు, ఎరువులు, కంటైనర్లు... ఓడ వచ్చిందంటే సరుకు దిగాల్సిందే, లారీ కదలాల్సిందే. ఇటు గాజువాక దాటి కూర్మన్నపాలెం వైపు వెళితే ఉక్కు కర్మాగారం. 1933లో మొదలైన పోర్టు, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం, 2009లో వాటికి తోడైన గంగవరం పోర్టు... ఈ మూడింటికీ నడుమ, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద, రోడ్డు వారగా ఆగి ఉన్న లారీల వరస చూడని విశాఖ వాసి ఉండడు.

ఆ వరసలో ఏ లారీ దగ్గరైనా కాస్త నిలబడి చూడండి. తలుపుకు తువ్వాలు ఆరేసి ఉంటుంది. టైరు పక్కన కిరసనాయిలు స్టవ్వో, చిన్న గ్యాసు బండో. అద్దానికి అడ్డంగా లుంగీ కట్టి లోపల ఓ మనిషి ముడుచుకుని పడుకుని ఉంటాడు. మనం చూసి 'పాపం, విశ్రాంతి తీసుకుంటున్నాడు' అనుకుంటాం. నిజానికి ఆయన డ్యూటీలోనే ఉన్నాడు!

నిద్రా... కాపలానా?

లారీ ఆగినంత మాత్రాన డ్రైవరు పని ఆగదు. ట్యాంకులో డీజిలుంది. వెనక స్టెప్నీ ఉంది. టార్పాలిన్ కింద లక్షల విలువైన సరుకుంది. వాటిలో ఏది తగ్గినా ముందు జవాబు చెప్పాల్సింది ఆయనే. అందుకే ఊళ్లో లాడ్జి ఉన్నా, చేతిలో డబ్బున్నా బండి వదిలి వెళ్లడు. చిన్న చప్పుడైతే లేస్తాడు. ఒకప్పుడు ఈ కాపలాలో సగం పాలు క్లీనరుది. ఖర్చు తగ్గించుకునే క్రమంలో చాలా బళ్ల మీద క్లీనరు మాయమయ్యాడు.

గేటు దగ్గర వరసలో ఉన్నప్పుడైతే ఇంకా చిత్రం. లోడు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. కాటా దగ్గర ముందు బండి కదిలితే వెనక బండి కదలాలి. కన్నంటుకునేలోపు హారన్! పది గంటలు వరసలో ఉన్నా ఆ పది గంటల్లో గంటసేపైనా గాఢనిద్ర ఉండదు. లోడు పడ్డాక మాత్రం సరుకు త్వరగా చేరాలి. ట్రిప్పు లెక్కన డబ్బులొచ్చే డ్రైవరుకు నిరీక్షణకు కూలీ లేదు, నిద్రకు బత్తా లేదు. పోగొట్టుకున్న గంటల్ని రోడ్డు మీదే రాబట్టుకోవాలి.

వేసవిలో విశాఖ ఉక్కపోత సంగతి చెప్పనక్కర్లేదు. పగలంతా ఎండకు కాగిన రేకు, కాళ్ల కింద ఇంజిను వేడి. కిటికీ తెరిస్తే దోమలు, బొగ్గు దుమ్ము. మూస్తే కొలిమి. పన్నెండు టన్నుల లోపు మధ్యరకం లారీలకూ, ఆపైన భారీ లారీలకూ 2025 అక్టోబరు 1 తరవాత తయారైతే డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేసింది కేంద్రం. మంచిదే. కానీ అంతకుముందు తయారైన లారీలకు అది వర్తించదు. పైగా మామూలు ఏసీ నడవాలంటే ఇంజిను నడవాలి. రాత్రంతా బండి ఆపి ఏసీ వేసుకుంటే కాలే డీజిలు ఎవరి ఖాతాలో వేస్తారు?

వెనక సీటుకు చట్టం ఉండేది!

డ్రైవరు క్యాబిన్‌లో పడుకోవడం ఎవరో నిర్లక్ష్యంతో చేసిన ఏర్పాటు కాదు. మన నిబంధనల్లోనే దానికి చోటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం నేషనల్ పర్మిట్ ఉన్న భారీ లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలి. ఒకరు నడుపుతుంటే రెండోవారు నడుం వాల్చడానికి డ్రైవరు సీటు వెనక క్యాబిన్ వెడల్పునా ఓ సీటుండాలి. ఆలోచన బాగానే ఉంది. ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకుంటారు.

కానీ 2018లో ఆ ఇద్దరు డ్రైవర్ల షరతును కేంద్రం తీసేసింది. రెండో డ్రైవరు వెళ్లిపోయాడు, వెనక సీటు మిగిలింది. ఇప్పుడు ఆ సీటు మీద పడుకునేదీ ఆయనే, లేచి స్టీరింగ్ పట్టేదీ ఆయనే.

అంతకు ముందటి సంవత్సరం ఇంకో మార్పు వచ్చింది. 2017 జులైలో జీఎస్టీతో పాటే రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. ఒడిశా వైపు వెళ్లే లారీలు ఇచ్ఛాపురం దగ్గర గంటల తరబడి ఆగే రోజులు గుర్తున్నవాళ్లు అందరూ సంతోషించారు. దేశానికి లాభమే. డ్రైవరుకు మాత్రం ఆ ఆగడంలో దొరికే కాస్తపాటి కునుకు కూడా పోయింది.

కాగితం మీద సెలవుంది

అసలు మన దేశంలో లారీ డ్రైవరుకు వారాంతపు సెలవు లేదా? ఉంది, కాగితం మీద! 1890 జూన్ 10న బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దక్కింది. నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి చేసిన పోరాట ఫలితమది. ఆ హక్కు రోడ్డెక్కడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటల పని అంది. ఐదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. ఒక రోజు డ్యూటీకీ మర్నాటి డ్యూటీకీ మధ్య తొమ్మిది గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలంది. ఏడు రోజులకో రోజు సెలవంది. అంతేనా... రాత్రి ఆగాల్సిన చోట యజమానే విశ్రాంతి గది ఏర్పాటు చేయాలని కూడా చెప్పింది. అరవై ఏళ్ల కిందటే ఎంత ముందుచూపు!

అయితే అది వర్తించేది ఐదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకే. మన దగ్గర లారీ యజమానుల్లో ఎక్కువమంది ఒకటి రెండు బళ్లవాళ్లు. అప్పు చేసి బండి కొని, నెల నెలా కిస్తీ కట్టే ఆసామీలు. చాలాచోట్ల యజమానే డ్రైవరు. చట్టం వాళ్ల గుమ్మం దాకా రానే లేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఈ చట్టం కలిసిపోయింది. వారానికి ఆరు రోజులకు మించి పని చేయించకూడదని కోడ్ కూడా అంటోంది. రవాణా స్తంభించకుండా ఉండేందుకు సెలవు రోజున పిలిచినా, వరసగా పది రోజులు దాటి పని చేయించకూడదు, నడుమ ఒక పూర్తి రోజు సెలవు ఉండి తీరాలి. కానీ ఇక్కడ గీత ఐదు నుంచి పదికి జరిగింది. పది మంది కార్మికులున్న రవాణా సంస్థలకే ఆ నియమం.

కనీసం చట్టం ఉన్నచోటైనా లెక్క చూసేదెవరు? 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్న వేసింది. డ్రైవర్ల పని గంటల నియమాల్ని అమలు చేసే దారి వెతకమని, రాష్ట్రాలతో సమావేశమవ్వమని కేంద్రానికి చెప్పింది. కొన్ని నెలలకే, అదే ఏడాది డిసెంబరులో, పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి నిబంధన దేశమంతా చర్చనీయాంశమైంది. విమానాలు ఆగిపోయాయి గనక అందరికీ తెలిసింది. లారీ డ్రైవరు విశ్రాంతి తీసుకోలేదని ఏ లారీ ఆగుతుంది?

అక్కడ క్యాబిన్‌లో పడుకుంటే జరిమానా

ఐరోపాలో ఆగుతుంది! అక్కడ డ్రైవరు రోజుకు తొమ్మిది గంటలే నడపాలి. వారానికి రెండుసార్లు మాత్రం పది గంటల దాకా వెళ్లొచ్చు. నాలుగున్నర గంటలకోసారి 45 నిమిషాల విరామం. బండిలోని టాకోగ్రాఫ్ అనే యంత్రం అన్నీ రాస్తూ ఉంటుంది. ఇక వారాంతంలో 45 గంటల పూర్తి విశ్రాంతి. అది ఎక్కడ తీసుకోవాలన్న దగ్గరే పెద్ద గొడవ జరిగింది.

క్యాబిన్‌లో పరుపుంది కదా, అక్కడే పడుకుంటే ఏమని రవాణా సంస్థల వాదన. 2014లో బెల్జియం ఒప్పుకోలేదు. వారాంతపు పూర్తి విశ్రాంతిని క్యాబిన్‌లో తీసుకున్నట్టు తేలితే 1800 యూరోల జరిమానా అంది. ఓ రవాణా సంస్థ కోర్టుకెక్కింది. వ్యవహారం ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. 2017 డిసెంబరు 20న తీర్పు వచ్చింది. క్యాబిన్లు ఎంత బాగుపడినా రోజువారీ నిద్రకే గానీ వారాంతపు పూర్తి విశ్రాంతికి అవి తగవని కోర్టు తేల్చింది. 2020 ఆగస్టు నుంచి ఐరోపా యూనియన్ నిబంధన ఇంకా స్పష్టమైంది. పడకా స్నానపు గదీ సరిగా ఉన్న వసతి చూపాలి, ఖర్చు యజమాని భరించాలి. నాలుగు వారాలకోసారి డ్రైవరు ఇంటికి వెళ్లేలా పని సర్దాలి.

అక్కడా అంతా సవ్యంగా ఉందని కాదు. భద్రమైన పార్కింగ్ స్థలాలు చాలక ఇబ్బంది పడుతూనే ఉన్నారు. కానీ ఒక్క విషయం ఒప్పుకున్నారు... పని చేసే చోటే పడుకోవడం విశ్రాంతి కాదు.

నిద్ర ఊదితే తెలియదు

ఇదంతా డ్రైవరు సుఖం గురించిన మాట మాత్రమే అయితే మనకెందుకులే అనుకోవచ్చు. కాదు, ఎదురుగా బైకు మీద వచ్చే మనందరి గురించి! వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషితో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన చట్టం అనుమతించే గరిష్ఠ పరిమితి 0.03 శాతమే. అంటే తాగకుండానే తాగినంత. తాగితే యంత్రంలో ఊదిస్తే తెలుస్తుంది. నిద్రను పట్టే యంత్రం పోలీసు చేతిలో లేదు.

అందుకే మన రాష్ట్రంలో అర్ధరాత్రి దాటాక హైవేల మీద పోలీసులు లారీలు ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపే 'ఫేస్ వాష్ అండ్ గో' వచ్చింది. మంచి ప్రయత్నం. చన్నీళ్లు ఓ పావుగంటో అరగంటో కళ్లు తెరిపిస్తాయి. నాలుగు రోజుల నిద్ర బాకీని మాత్రం తీర్చలేవు.

ఏం చేస్తే కన్ను మూస్తాడు?

మొదటిది, బండికి వేరే కాపలా. ప్రహరీ, దీపాలు, కెమెరాలు, కావలి మనిషి ఉన్న పార్కింగ్ ఉంటే డ్రైవరు దిగి వెళ్లి పడుకోగలడు. జాతీయ రహదారుల వెంట వెయ్యి ఆధునిక విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. ప్రభుత్వరంగ చమురు సంస్థలు పెట్రోలు బంకుల దగ్గర 'అప్నా ఘర్' పేరుతో వసతి గదులు తెరిచాయి. 2025 మధ్య నాటికి దేశంలో అవి మూడు వందలు దాటాయి. మంచం, స్నానపు గది, సొంతంగా వండుకునే చోటు ఉంటాయక్కడ. ఇన్ని లక్షల లారీలకు ఇవి చాలవు, కానీ దారి ఇదే.

రెండోది, నిరీక్షణకు లెక్క. గేటు దగ్గర గడిచిన గంటకు ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సి వస్తే, సరుకువాళ్లే బండికి ముందుగా టైము చెబుతారు. ఆ టైము దాకా డ్రైవరు హాయిగా పడుకుంటాడు.

మూడోది, చిన్న యజమానికి ఆసరా. ఒక్క బండి ఆసామీని పది మంది పనివాళ్లున్న కంపెనీతో సమానంగా రెండో డ్రైవరును పెట్టమంటే పెట్టలేడు. సరుకు పంపే పెద్ద సంస్థలు కిరాయిలోనే ఆ ఖర్చు చేరిస్తే పెట్టగలడు.

మళ్లీ జాలరిపేట దగ్గరికే వద్దాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు, మోటారు పడవలు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక సముద్రానికి విశ్రాంతి కావాలన్నది నియమం. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబం పస్తులుండకూడదని ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో దాన్ని 20 వేల రూపాయలకు పెంచింది. విశ్రాంతి ఇవ్వాలంటే ఆ రోజుల్లో పొయ్యి వెలిగే దారి కూడా చూపాలని ఈ తీరానికి ఎప్పుడో తెలుసు. సెలవు ఇచ్చి కూలి ఎగ్గొడితే ఎవరూ ఆగరు, పడవైనా లారీ అయినా.

చేపకు 61 రోజులు. లారీ డ్రైవరుకు కావాల్సింది వారానికి ఒక్కటంటే ఒక్క రోజు. అది కూడా క్యాబిన్‌లో కాదు... ఇంట్లో, పిల్లల పక్కన, చాప మీదైనా సరే!