నేలలో దాగిన అడవి

ప్రపంచంలో సేద్యం ఒకే తీరుగా సాగదు. కాలువ క్రింద వరి పండించేవారున్నారు. కొండవాలులో పోడు చేసేవారున్నారు. మందలు తోలుకొని పచ్చిక వెంట తిరిగేవారున్నారు. వీరిలో సహారా ఎడారి అంచున బ్రతికే రైతుల కష్టం చెప్పనలవి కానిది.

పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశం అటువంటి చోటు. అక్కడ సంవత్సరానికి మూడు నాలుగు నెలలే వర్షం. ఆ వానను నమ్ముకొని సజ్జలు, జొన్నలు, అలసందలు వేస్తారు. అనంతపురం, మహబూబ్‌నగర్ మెట్ట రైతులకు ఈ పంటలూ తెలుసు, మబ్బు కోసం ఎదురుచూడడమూ తెలుసు. అయితే అక్కడ మరొక బాధ ఉండేది. మొలక పైకి రాగానే గాలి లేచి ఇసుకను కుమ్మరించేది. లేత మొలకలు ఇసుకలో కప్పబడి చచ్చిపోయేవి. ఒకే పొలంలో మూడు నాలుగు సార్లు విత్తనం వేయవలసి వచ్చేది. గింజలు కొనలేనివాడు పస్తులుండవలసిందే.

గాలిని ఆపే చెట్లు పొలాల్లో లేకపోవడమే దీనికి కారణం. ఫ్రెంచివారి పాలననాటి చట్టాలవల్ల పొలంలోని చెట్టు ప్రభుత్వానిదే గాని రైతుది కాదనే భావం బలపడింది. తనది కాని చెట్టును ఎవరు కాపాడతారు? సేద్యానికీ, వంటచెరకుకూ నరుకుతూ పోయారు.

దారిప్రక్కన ఒక పొద

టోనీ రినౌడో అనే ఆస్ట్రేలియా దేశస్థుడు 1981లో భార్య లిజ్‌తో కలిసి మిషనెరీగా అక్కడి మరాడి ప్రాంతానికి వెళ్ళారు. మొక్కలు పెంచి నాటించారు. ఎండకు, మేకలకు, చెదలకు చాలామట్టుకు చచ్చాయి. జనం ఆయనను పిచ్చివాడన్నారు.

1983లో ఒకరోజు ఆయన మొక్కలు తీసుకొని గ్రామాలకు వెళ్తున్నారు. ఇసుక దారిలో బండి దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించడానికి దిగారు. ఎటు చూసినా బీడే. నిరాశతో దేవునికి మొరపెట్టుకున్నారు. అప్పుడు దారిప్రక్కన చిన్న పొద కనిపించింది. దగ్గరకు వెళ్ళి ఆకు చూశారు. అది పొద కాదు, నరికిన చెట్టు మొదలునుండి వచ్చిన పిలకలు! అటువంటి మొదళ్ళు ఆ నేలలో లక్షలున్నాయి. అడవి చావలేదు, వేళ్ళతో నేలలో దాగి ఉంది.

కత్తి ఒకటి చాలు

పద్ధతి చాలా సులభం. మొదలునుండి వచ్చే పిలకల్లో బలంగా, నిటారుగా ఉన్న కొన్నింటిని ఉంచాలి. మిగతావి కోయాలి. ఉంచినవాటి క్రింది కొమ్మలు కత్తిరించాలి. కోసిన పుల్ల వంటకు, ఆకు పశువులకు. విత్తనం, నర్సరీ, నీళ్ళు ఏమీ అక్కరలేదు.

మొదట ముందుకు వచ్చినవారు కొద్దిమందే. ఇరుగుపొరుగువారు నవ్వారు, చెట్లను దొంగతనంగా నరికారు కూడా. 1984 కరువులో పనికి ఆహారమిచ్చి చెట్లను కాపాడించారు. కరువు తీరాక చాలామంది తిరిగి నరికేశారు. కాని కొందరు ఉంచుకున్నారు. వారి పొలాల్లో గాలి తగ్గింది, ఒక్కసారి విత్తితే చాలింది. అది చూచి ప్రక్క గ్రామాలవారు నేర్చుకున్నారు.

ఆ చెట్లలో "గావ్" అనేది విశేషమైనది. మన తుమ్మకు చుట్టం. వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో చిగురిస్తుంది. కనుక పైరుకు నీడ అడ్డురాదు. రాలిన ఆకు ఎరువు, కాయలు మేత.

సుమారు ఇరవై ఏళ్ళలో నైజర్‌లో 50 లక్షల హెక్టార్లలో 20 కోట్ల చెట్లు తిరిగి లేచాయని పరిశోధకులు అంచనా వేశారు. స్త్రీలకు కట్టెల కోసం మైళ్ళు నడిచే బాధ తగ్గింది. 2018లో టోనీకి రైట్ లైవ్‌లీహుడ్ బహుమతి లభించింది.

మన గట్టుమీద

నరకబడిన చెట్టుకు సహితం నిరీక్షణ ఉందనీ, నీటి వాసన తగిలితే చిగురిస్తుందనీ యోబు గ్రంథం 14వ అధ్యాయంలో చదువుతాం. బాధలో ఉన్న యోబు చెట్టును చూచి అసూయపడ్డాడు. మనమైతే ఆ చెట్టు మొదలును పెకలించి పారవేస్తున్నాం.

ఈ వేసవిలో గట్టు చదును చేసేముందు ఒకసారి వంగి చూడండి. మొలిచినదల్లా ఉంచమని కాదు, సర్కారు తుమ్మ సంగతి అందరికీ తెలిసిందే. వేప, కానుగ పిలక కనబడితే ఒకటి ఉంచండి. మేకలు తినకుండా చుట్టూ ముళ్ళకంప వేయమని పిల్లలకు చెప్పండి.

మన ఇంటిలో, సంఘంలో "వీడిక బాగుపడడు" అని మనం వదిలేసినవారు కూడా ఉన్నారు. పైకి బీడుగా కనబడేచోట వేరు ఇంకా బ్రతికే ఉందేమో! దానికి కావలసింది కాస్త కాపుదల, చాలా ఓపిక.