నాలుగో జ్వరం దాటాక

“అక్కా, ఇయ్యాల ఆకు ఎయ్యం. పురుగులకు జ్వరమొచ్చింది.”

పంట పోయిందేమోనని నా గుండె గుభేలుమంది. ఆ మాటన్న రైతమ్మ మాత్రం నింపాదిగా పడకల మీద సున్నప్పొడి జల్లుతోంది. పట్టు రైతుల మాటల్లో జ్వరమంటే రోగం కాదు, పురుగు పాత చర్మం విడిచే వేళ. మేత మానేసి, తల పైకెత్తి, ఒక రోజంతా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. దాని బతుకులో ఇలాంటి జ్వరాలు నాలుగు. నేను చూసింది ఆఖరిది.

జనగామ దగ్గర ఒక చిన్న ఊరది. చుట్టూ పత్తి, నడుమ ఎకరన్నర మల్బరీ. హనుమకొండ నుంచి నన్ను అక్కడిదాకా రప్పించింది మా అమ్మ పెళ్లి చీర. మడతల దగ్గర చిట్లిందని రఫూకిస్తే, ఆ పనివాడు ఒక పోగు లాగి వెలుతురుకు పట్టి చూపించాడు. వెంట్రుక కంటే సన్నం. అంత సన్నటి పోగు తీసే నోరెలా ఉంటుందో చూడాలనిపించింది.

నాలుగు రోజులాగి మళ్లీ వెళ్లాను. గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు తడుపుకొని షెడ్డులోకి అడుగుపెడితే, పదిమంది చేటల్లో బియ్యం చెరుగుతున్నట్టు ఒకటే చప్పుడు. యాభై వేల పురుగులు మేస్తున్నాయి. జీవితకాలంలో తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా ఆఖరి జ్వరం దాటిన ఈ ఒక్క వారంలోనే తింటాయి. గుడ్డులోంచి వచ్చిననాటికీ ఇప్పటికీ బరువు దాదాపు పదివేల రెట్లు! అందుకే ఈ వారం ఆలుమగలిద్దరికీ కంటిమీద కునుకుండదు. పెళ్లికీ పోరు, చావుకీ పోరు.

వాళ్ల భయమల్లా పక్క చేన్లోని పత్తి మందు. గాలికి కాస్త మల్బరీ మీద పడినా, ఆ ఆకు తిన్న పురుగులు కక్కుకొని, మెలికలు తిరిగి చస్తాయి. కిందటేడు ఒక పంట అట్లాగే పోయింది. పట్టు సాగు లాభమని చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

మహదేవపూర్ అడవి పక్కన పెంచే దసలి పట్టుది వేరే తీరు. ఆ పురుగులు ఆరుబయట మద్దిచెట్ల మీదే పెరుగుతాయి. పిట్టల నుంచి కాపాడటమే అక్కడి కష్టం.

ఇక్కడ షెడ్డులో, పురుగు ఒళ్లు ద్రాక్షపండులా తేటపడితే పండినట్టు. అప్పుడు ఏరి, గూడు కట్టుకునే చంద్రికల మీద వేస్తారు. ఒకదాన్ని కళ్లార్పకుండా చూశాను. కింది పెదవి దగ్గరి సన్నని మొన నుంచి తడి పోగు జారుతోంది. ఎనిమిది అంకె దిద్దుతున్నట్టు తల తిప్పుతూ, తన చుట్టూ తనే గోడ కట్టుకుంటోంది. రెండు మూడు రోజులు ఆ పనే. మంచి గూడులో పోగు కిలోమీటరు పొడవుంటుంది.

ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనంలో, సుంకం కట్టే సరుకుల్లో పట్టునూలూ ఉంది. చీనాంబరమంటూ దూరదేశం పేరుతో మనం పిలుచుకున్న వస్తువు, ఇప్పుడీ రేకుల షెడ్డు కింద తయారవుతోంది.

పురుగు గూడు కట్టడం మొదలెట్టిన ఆరో రోజు గూడును చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంది. లోపలి పురుగు ప్యూపా అయింది, గూళ్లు కోయొచ్చు. గూళ్ల సంచులతోపాటు జనగామ మార్కెట్‌కు బయల్దేరాం. దారం తీసే చోటు చూద్దాం రమ్మంటే ఆమె కూడా వచ్చింది. ఇన్నేళ్లుగా గూళ్లు అమ్ముతున్నా ఎప్పుడూ చూడలేదట.

అక్కడ మరిగే నీళ్లలో గూళ్ల జిగురు వదులుతుంది. ఎనిమిది పది గూళ్ల కొసలు కలిపితే ఒక దారం. కిలో పట్టుకు ఏడు కిలోల దాకా గూళ్లు కావాలి. పురుగు చిమ్మటై తొలుచుకొని బయటికొస్తే పోగు తెగుతుంది, అందుకే ముందే వేడికి చంపేస్తారు. ఇది తెలిశాక అమ్మ చీరను మునుపటిలా ముట్టుకోలేను.

నీళ్లలో గూళ్లు గిరగిరా తిరుగుతూ పలచబడుతున్నాయి. ఒకదాంట్లో గోధుమరంగు ప్యూపా కనబడింది. ఆమె వంగి చాలాసేపు చూసింది.

“నేను మేపిందే గదా అక్కా,” అంది.