చింతపండు చెంబుకే, కారుకి కాదు

నిమ్మచెక్కని ఉప్పులో అద్ది రుద్దితే కారు లోపలి క్రోమ్ పట్టీలు అద్దంలా మెరుస్తాయన్న మాట ఉప్పు మడులున్న నౌపడ, టెక్కలి వైపు బాగా పాకింది. నిమ్మకాయ లేకపోతే చింతపండు అంటున్నారు. దాని ఫలితం కార్లలో కళ్లకు కనిపిస్తూనే ఉంది. ఏసీ గాలి వచ్చే చోట పట్టీ పొక్కులు లేస్తుంది, గేరు రాడ్డు కింది రింగు అంచున ఆకుపచ్చ పొడి కడుతుంది, తలుపు లోపలి హ్యాండిల్ పొరలుగా లేచి వేలు కోస్తుంది. అప్పుడు కంపెనీ నాసిరకం సరుకు వేసిందని తిట్టుకుంటారు.

ఈ చిట్కా వంటింటిది, వంటింట్లో నూటికి నూరుపాళ్లు నిజం. బుడితిలో చేసిన ఇత్తడి చెంబుని చింతపండు, ఉప్పు వేసి తోమితే పులుపు పైన పట్టిన నల్లటి పొరని కరిగిస్తుంది. ఏళ్ల తరబడి తోమినా నష్టం లేదు, ఎందుకంటే చెంబు లోపలిదాకా ఇత్తడే. కారులో మనం క్రోమ్ అనుకునేది అలాంటిది కాదు. ఇప్పటి కార్లలో అది చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్. దానిమీద రాగి, ఆపైన నికెల్, అన్నిటికన్నా పైన క్రోమియం పూత. ఆ క్రోమియం మందం మామూలుగా మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. అరిగితే కింద ఇంకో క్రోమియం లేదు.

మరి రుద్దిన రోజు మెరిసిందిగా అంటారు. మెరుస్తుంది. చేతి జిడ్డు పోయింది కాబట్టి మెరుస్తుంది, ఆ పని సబ్బునీళ్లు కూడా చేస్తాయి. అసలు చేటు ఆ తర్వాత మొదలవుతుంది. పట్టీకి, డ్యాష్‌బోర్డుకి మధ్య సందులో ఉప్పునీళ్లు దిగుతాయి. ఎండాక ఉప్పు అక్కడే మిగులుతుంది. ముడి ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది గాలిలో తేమని లాక్కుంటుంది. ఉప్పు మడుల పక్కన ఉన్న ఊళ్లో తేమకి కొరవేముంది? క్రోమియం పూతలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిగుండా క్లోరైడు దిగి నికెల్‌ని, రాగిని తినేస్తుంది. ఆకుపచ్చ పొడి అక్కడినుంచి వచ్చేదే. సముద్రం మీదినుంచి వచ్చే ఉప్పుగాలితోనే ఈ పూతకి చాలినంత పోరు ఉంది. మనం చేత్తో ఉప్పు తెచ్చి పూయడం ఎందుకండీ?

మిగతా చిట్కాల సంగతి చిన్నది. టూత్‌పేస్టు రాపిడి పదార్థం, మసకరంగు పట్టీల మీద గీతలు పెడుతుంది. ఇత్తడి పాలిష్ ఇత్తడికే. కొబ్బరినూనె దుమ్ముని పట్టి ఉంచుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదన్నది ఉప్పుగాలి తగలని ఊళ్ల మాట. గుమ్మం దగ్గర కాలు పెట్టే స్టీలు పలకల మీద గోధుమరంగు చుక్కలు చూడండి.

ఒక్క చిట్కాకి మాత్రం ఒప్పుకోక తప్పదు. అన్నం పొట్లాలకి వాడే అల్యూమినియం రేకుని ఉండగా నలిపి, మంచినీళ్లలో ముంచి రుద్దితే తుప్పు పోతుందంటారు. నాకు నచ్చని చిట్కా, కానీ పనిచేస్తుంది. అల్యూమినియం క్రోమియం కన్నా మెత్తన, అందుకే తుప్పు రాలుతుంది, పూత నిలుస్తుంది. అయితే ఇనుము మీద క్రోమ్ పూత ఉన్నచోటే: సీటు తలదిండు కడ్డీలు, పాత అంబాసిడర్‌లో పూతవేసిన ఇనుప సామాను. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే రేకు జోలికి పోకండి.

మడుల్లోకి వెళ్లొచ్చిన కాళ్లతో, ఉప్పు సంచులతో కారెక్కేవాళ్లు ముందు మ్యాట్లు తీసి బయట దులపాలి. సందుల్లోని ఉప్పు గింజలని మెత్తని బ్రష్షుతో పొడిగా లాగేయాలి. తడిగుడ్డ ముందే పెడితే ఉప్పు కరిగి ఇంకా లోపలికి పోతుంది. ఆ తర్వాత మంచినీళ్లలో రెండు చుక్కలు కారు షాంపూ వేసి, గుడ్డ గట్టిగా పిండి తుడవాలి. మళ్లీ ఉత్త నీళ్లగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. సన్న సందులకి చెవిపుల్ల చాలు. బాగా ఆరాక పలచగా మైనం పాలిష్ పూస్తే ఉప్పు నేరుగా అంటదు. వానాకాలంలో ఈ పని తరచుగా చెయ్యాలి.

పొక్కులు లేచిన ప్లాస్టిక్ పట్టీని ఏ పాలిష్ బాగుచెయ్యదు. ఆ ముక్క మార్చండి, లేదా ఊడిన పొరలు నున్నగా గీకి పైన స్టిక్కర్ రేకు వేయించండి. పాత కార్ల అసలు లోహపు ముక్కలకైతే మళ్లీ ప్లేటింగు వేయించుకోవచ్చు. స్టీరింగు మధ్యలో ఉన్న కంపెనీ గుర్తుని మాత్రం స్క్రూడ్రైవర్‌తో మీరే పెకలించొద్దు, ఇప్పటి కార్లలో దాని వెనకే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.