బతికున్న ఇసుక

ఐ.పోలవరం పేరులోని ‘ఐ’ అంటే ఐలాండ్. పక్కనే వృద్ధ గౌతమి ఉన్నా ఎండాకాలంలో ఆ నీళ్ళు నోట పెట్టలేం. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం పాయలోకి ఎగదన్నుతుంది. బోరు లోతుగా దించితే ఉప్పు తగులుతుంది. పైపొరలో పలచగా తీపి నీరుంటుంది గానీ, ఆశపడి ఎక్కువ తోడితే కిందున్న ఉప్పు పైకొస్తుంది. అందుకే కోనసీమ ఊళ్ళకు 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట పుణ్యమా అని వచ్చే కాలువ నీరే ఆధారం. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆలోపే మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి.

పేరుకు మంచినీళ్ళ చెరువే గానీ అందులో నీళ్ళు అలాగే తాగకూడదు. మన పెద్దవాళ్ళు చిల్లగింజ అరగదీసి వరద నీటిని తేర్చుకునేవారు. మట్టి అడుగుకు దిగేది, రోగం మాత్రం నీళ్ళలోనే ఉండేది. ఆ రోగాన్ని ఆపేదే చెరువు గట్టున కనిపించే ఫిల్టర్ బెడ్డు. పైకి చూస్తే ఇసుక పోసిన తొట్టి, అంతే.

దీని పుట్టుక 1804లో, స్కాట్లండ్‌లోని పెయిస్లీలో. బట్టలకు చలువ చేసే జాన్ గిబ్ తన పనికోసం నీటిని ఇసుకలో వడకట్టి, మిగిలింది ఊరివాళ్ళకు అమ్మాడు. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్‌లో చెల్సీ నీటి కంపెనీకి పెద్ద బెడ్డు కట్టాడు. నీరు తేటపడితే చాలని ఇద్దరూ అనుకున్నారు. అసలు సంగతి 1892లో తేలింది. జర్మనీలో హాంబర్గ్, ఆల్టోనా ఆనుకుని ఉన్న పట్టణాలు, రెండూ ఎల్బ్ నది నీళ్ళే తాగేవి. వడకట్టకుండా తాగిన హాంబర్గ్‌లో కలరాకు ఎనిమిది వేలమందికి పైగా చనిపోయారు. దిగువనున్న ఆల్టోనాకు హాంబర్గ్ మురుగు కలిసిన నీరే వచ్చేది. అయినా ఇసుక బెడ్లు ఆ ఊరిని కాపాడాయి.

ఇసుక రేణువుల సందులు కలరా క్రిమి కంటే ఎన్నో రెట్లు పెద్దవి. మరి క్రిమి ఎలా ఆగింది? నీరు పారిన కొన్నాళ్ళకు ఇసుక మీద జిగురుగా ఒక పొర కడుతుంది. నాచు, బ్యాక్టీరియా, వాటిని తినే ఏకకణ జీవులు అందులో కాపురం పెడతాయి. రోగక్రిములు అక్కడ చిక్కి వాటికి ఆహారమైపోతాయి. ఈ పొర లేకపోతే బెడ్డు ఉత్త ఇసుకే.

దానికి తొందర పనికిరాదు. నీరు గంటకు పది సెంటీమీటర్ల చొప్పున దిగాలి. ఆ లెక్కన చదరపు మీటరుకు రోజుకు 2,400 లీటర్లు. మనిషికి 55 లీటర్లు వేసుకుంటే, నాలుగు వేలమంది ఊరికి రెండున్నర సెంట్ల బెడ్డు సరిపోతుంది. ఒకదాన్ని శుభ్రం చేస్తుంటే నడవడానికి ఇంకొకటి ఉండాలి. పొర మందమై నీరు దిగడం తగ్గినప్పుడు పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి తీస్తారు. కొత్త పొర కట్టేదాకా ఆ బెడ్డు నీళ్ళు ఊరికి వదలకూడదు. ఫిల్టరు దాటాక కూడా క్లోరిన్ కలపాల్సిందే.

నీళ్ళు ఆగి బెడ్డు ఎండితే పొరలోని ప్రాణులు చస్తాయి. బురద నీరు నేరుగా వదిలితే ఇసుక పూడుకుపోతుంది. చెరువులో కొన్నాళ్ళు నిలవనిచ్చాకే బెడ్డుకు పంపాలి. నా ఉద్దేశంలో ఈ బెడ్లను చెడగొడుతున్నది పాత విద్య కావడం కాదు, చూసుకునే మనిషి లేకపోవడం. గీకే మనిషికి నెలనెలా జీతం ఇవ్వని పంచాయతీకి ఎంత మంచి యంత్రమిచ్చినా దండగే.

ఈ బెడ్డు చేయలేనిది ఒకటుంది. ఉప్పు తీయలేదు. దానికి ఆర్వో కావాలి. అందులో కరెంటు ఖర్చుంది, ఎంతో నీరు వృథాగా పోతుంది. కాబట్టి రొయ్యల చెరువుల ఉప్పునీరు తాగునీటి కాలువలో కలవకుండా చూడటం బెడ్డు కట్టినంత ముఖ్యం.

ఈసారి కాలువలు కట్టేసేలోపు మీ ఊరి చెరువు గట్టుకు ఒకసారి వెళ్ళండి. బెడ్డు తడిగా ఉందా, ఇసుక చివరిసారి ఎప్పుడు గీకారు అని అడగండి.