ఒకేలా వినిపించే ఇంజెక్షన్లు

డోపమిన్, డోబ్యుటమిన్ రెండూ ఐసీయూలో డ్రిప్ ద్వారా ఎక్కించే మందులే. డోపమిన్‌ను ముఖ్యంగా పడిపోయిన రక్తపోటును పైకి తేవడానికి వాడతారు. డోబ్యుటమిన్ గుండెకు బలమిస్తూనే రక్తనాళాలను సడలిస్తుంది కాబట్టి కొందరిలో రక్తపోటు ఇంకా తగ్గవచ్చు. అర్ధరాత్రి ఫోన్‌లో డాక్టర్ చెప్పిన పేరు ఈ రెండింటిలో ఏదో పోల్చుకోవడం అంత తేలిక కాదు. మాత్ర మారితే దిద్దుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. నరంలోకి వెళ్లిన మందును వెనక్కి తీయలేరు.

2017 డిసెంబరులో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రోగికి స్కానింగ్ ముందు ఆందోళన తగ్గించే 'వెర్సెడ్' ఇవ్వాల్సి వచ్చింది. నర్సు కంప్యూటర్‌తో నడిచే మందుల అలమరలో ఇంగ్లిష్‌లో 'వి, ఇ' అనే రెండక్షరాలు కొట్టారు. అలమరలో వెర్సెడ్ దాని అసలు పేరైన మిడజోలంగా నమోదై ఉంది. దాంతో వెకురోనియం బయటికొచ్చింది. అది ఊపిరి తీసే కండరాలతో సహా అన్నిటినీ కదలకుండా చేసే మందు. రోగి చనిపోయారు. వయల్ మూత మీద హెచ్చరిక ఉంది, అయినా ఆపలేకపోయింది. జాగ్రత్తగా ఉండండని చెప్పి ఊరుకుంటే సరిపోదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కనీసం ఐదక్షరాలు కొడితేనే మందు పేరు కనబడేలా అలమరలను మార్చాలని నిపుణులు ఆ తర్వాత గట్టిగా కోరారు.

పేర్లలో తేడా ఉన్న భాగాన్ని పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ముద్రించడం మరో పద్ధతి. క్యాన్సర్ మందులైన విన్‌క్రిస్టిన్‌లో 'క్రిస్', విన్‌బ్లాస్టిన్‌లో 'బ్లాస్' అలా పెద్దగా కనిపిస్తాయి. ఇది కంటికి సాయం, చెవికి కాదు. అందుకే ఫోన్‌లో చెప్పిన మందును విన్నవారు రాసుకుని, అక్షరాలతో సహా తిరిగి చదివి వినిపించాలి. ఇక స్టోర్లో మందులను అక్షరక్రమంలో పేరిస్తే, కలగలిసిపోయే జంటలే పక్కపక్కన చేరతాయి. వాటిని వేర్వేరు అరల్లో పెట్టాలి.

మన దేశంలో బ్రాండ్ పేర్లు అదనపు చిక్కు. మలేరియాకు వాడే 'ఫాల్సిగో' ఇంజెక్షన్, 'ఫాల్సిటాబ్' మందుల పేర్ల వివాదంలో సుప్రీంకోర్టు 2001లో తీర్పిస్తూ, మందుల పేర్ల పోలికను మిగతా సరుకులకన్నా కఠినంగా చూడాలంది. 2019లో మారిన నిబంధనల ప్రకారం, తమ బ్రాండ్ పేరు మరో మందును తలపించదని తయారీదారులే హామీ ఇవ్వాలి. హామీ ఇచ్చేది కంపెనీయే కావడం ఇందులో బలహీనత.

పేరు సరిగ్గా చదివినా పని పూర్తవదు. సిరంజిలోకి తీశాక చాలా మందులు నీళ్లలాగే ఉంటాయి. వెంటనే మందు పేరు, మోతాదు రాసిన లేబుల్ అంటించాలి. లేబుల్ లేని సిరంజి కనబడితే అందులో ఏముందో ఊహించకుండా పారేయాలి.