మంచుకాలంలో బండిల్లు

కెనడాలో మోటర్‌హోమ్‌నే ఇల్లు చేసుకున్నవాళ్లకి అసలు పరీక్ష నవంబరులో మొదలవుతుంది. వంటగది, మంచం, స్నానాలగది అన్నీ ఉన్నా ఆ బండి గోడలు పలచన. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. గొట్టాలు పగలడానికి ఒక్క రాత్రి చాలు.

గ్యాస్‌దీ అదే కథ. మన వంటగ్యాస్ సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కాకుండా మొరాయిస్తుంది. ప్రొపేన్ మరిగేది మైనస్ 42 దగ్గర. అందుకే అక్కడి బళ్లలో ప్రొపేనే వాడతారు.

అయినా చలి చలే. హౌస్ సిట్టింగ్, అంటే యజమానులు లేనప్పుడు వాళ్ల ఇల్లు చూసుకుంటూ అందులో ఉండటం, ఆదుకునేది ఇక్కడే.

శీతకాలంలో ఎందరో కెనడా పెద్దలు ఫ్లోరిడా, అరిజోనాలకు వెళ్లిపోతారు. వాళ్లను ‘స్నోబర్డ్స్’ అంటారు. ఖాళీ ఇంట్లో హీటర్ ఆగినా తెలిసేదెవరికి? ఎవరో ఒకరు తరచూ వచ్చి చూడాలని చాలా బీమా పాలసీలు షరతు పెడతాయి. ఆ ఇంట్లో బండివాళ్లు అద్దె లేకుండా దిగుతారు. బదులుగా కుక్కను తిప్పాలి, పిల్లికి తిండి పెట్టాలి, వాకిట్లో మంచు ఎత్తిపోయాలి. ఇద్దరికీ మేలు చేసే చక్కని ఏర్పాటిది.

బండిని మాత్రం ముందే సిద్ధం చేయాలి. ట్యాంకులు ఖాళీ చేసి, గొట్టాలు పగలకుండా వాటిలోకి గులాబీరంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవం ఎక్కిస్తారు. కార్ల ఇంజిన్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తాగునీటి గొట్టాల దరిదాపులకు రానివ్వకూడదు. వసంతంలో ఇంటివాళ్లు తిరిగొచ్చాక ఆ గొట్టాలను మంచినీళ్లతో కడిగితే, బండి మళ్లీ రోడ్డెక్కుతుంది.