ఎదుటి కారు ఎంత వేగంగా వెళ్ళాలి?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. మా నాన్నగారు ఇంజను డ్రైవరుగా పదవీ విరమణ చేశారు. బొగ్గు నింపిన 58 వ్యాగన్ల గూడ్సుకు ఎక్కడ బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతుందో ఎరిగిన మనిషి. పధ్నాలుగేళ్ళ మా అబ్బాయికి కంప్యూటరులో కారు పందేలంటే ప్రాణం. గత వేసవిలో వీరిద్దరి మధ్య నాకెదురైన చిక్కును పాఠకులతో పంచుకోవాలనిపించింది.

ఈ ఆటలలో మనతో పోటీపడే కార్లను నడిపేది కంప్యూటరే. బాటలో ఏ మలుపు వద్ద ఎంత వేగం ఉండాలో ముందుగానే నమోదై ఉంటుంది; ఆ గీత వెంటే అవి పరుగెత్తుతాయి. ఆ ప్రత్యర్థి సామర్థ్యాన్ని మన శక్తికి తగినట్లు సవరించుకునే వీలుంది. 1996లో వెలువడిన జెఫ్ క్రామండ్ ‘గ్రాండ్ ప్రీ 2’లో రూకీ మొదలు ఏస్ వరకు ఐదు స్థాయిలు ఉండేవి. తరువాత వచ్చిన ‘ఆర్‌ఫ్యాక్టర్’ వంటి ఆటలలో బలానికి ఒక మీట, దూకుడుకు మరొక మీట ఏర్పడ్డాయి. బలం శాతాలలో ఉంటుంది.

మావాడు 96 శాతం పెట్టుకుని మూడు వారాలు వరుసగా ఓడిపోయాడు. భోజనం వద్ద మాట లేదు. మనసు ఆగక, వాడు నిద్రించిన వేళ దానిని 84కు దించాను. మరునాడు గెలిచాడు, ఆ పై రెండు రోజులూ గెలిచాడు. నాన్నగారు బుధవారీ బజారు నుండి జిలేబీ తెచ్చి ఇరుగుపొరుగులకు పంచారు. నాలుగవ నాడు వాడు కాలపట్టిక తెరిచి చూశాడు. తన చుట్టు సమయంలో క్షణమైనా తగ్గలేదు. మరి గెలుపు ఎలా వచ్చినట్లు? నేరుగా నా వద్దకు వచ్చి, “నాన్నా, మీరేనా?” అన్నాడు. ఒప్పుకున్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాన్నగారికి చెబితే నన్నే మందలించారు. “ప్రెషరు గేజీ ముల్లు తప్పు చూపిస్తే, బండి నా చేతిలో ఉందనే అనుకుంటాం కదురా!” అన్నారు. జిలేబీల సంగతి మాత్రం ఎత్తలేదు.

చెప్పకుండా సాయపడే పద్ధతి ఆటలకు కొత్తేమీ కాదు. మనం వెనుకబడితే ముందున్నవి నెమ్మదించడం, మనం ముందుకు పోతే వెనుకవి ఎక్కడలేని వేగంతో రావడం ‘రబ్బరు బాండు’ పద్ధతి. 1992 నాటి ‘సూపర్ మారియో కార్ట్’ నుండి ఆటగాళ్ళు దీనిని విసుక్కుంటూనే ఉన్నారు. సరదా ఆటకు అది చెల్లుతుందేమో గాని, నిజమైన నడకను అనుకరించే ఆటకు తగదని నా అభిప్రాయం.

దూకుడును సవరించడం మరింత సున్నితమైన పని. ‘గ్రాన్ టూరిస్మో’ ఆట కోసం సోనీ సంస్థ శాస్త్రజ్ఞులు ‘సోఫీ’ అనే కృత్రిమ చోదకుని తయారుచేసి, ఆ వివరాలను 2022లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఢీకొన్నందుకు జరిమానా మరీ ఎక్కువైతే అది పిరికిదై దారి ఇచ్చేస్తుంది. మరీ తక్కువైతే మొరటుగా తోసుకుపోతుంది. 2021 జూలైలో మేటి ఆటగాళ్ళ జట్టు చేతిలో 86-70 పాయింట్లతో ఓడిన సోఫీ, సవరణల అనంతరం అక్టోబరులో 104-52తో గెలిచింది.

మూడవ నాడు మావాడే కాగితం, కలం పట్టుకుని వచ్చాడు. పది చుట్లు ఒంటరిగా నడిపి సగటు తీశాము. ప్రత్యర్థులలో మొదటివాడు ఆ సగటు కంటే అర సెకను మాత్రమే చురుకుగా ఉండేట్లు, అందరి ఎదుటా, బలాన్ని 90 వద్ద నిలిపాము. దూకుడు సగానికి తగ్గించమన్నది నాన్నగారు. మలుపు లోపలి వైపు చోటు వదలని కారు ఆయనకు నచ్చదు.

గత ఆదివారం వాడు మూడవ స్థానంలో వచ్చాడు. జిలేబీలు లేవు. సాయంత్రం నేను చూస్తుండగానే మీటను 91కి జరిపాడు.